దేశం పేరు: దేశం

పుట్టడం ఎవరికైనా చేతనవుతుంది. పుట్టిన దేశానికి సరైన పేరు రాయడం మాత్రం సామాన్యులకు వదిలిపెట్టదగిన పని కాదు. ఎమర్జెన్సీ నడుస్తున్న మలయాలో, క్వాలా సెలంగోర్ దాపున ఒక చిన్న రిజిస్ట్రేషన్ కచేరీ ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించింది. అప్పట్లో అడవిలో తిరుగుబాటుదార్లు, తోటల చుట్టూ ముళ్లకంచె, కంచెకో గేటు, గేటుకో కాపలా. గుర్తింపు కార్డులో ప్రతి గడీ నిండి ఉంటేనే గేటు తెరిచేవారు. (నింపనివాడు తిరుగుబాటుదారో, వట్టి బద్ధకస్తుడో తేల్చే తీరిక ప్రభుత్వానికి లేదు.)

ఆ పక్కనే ఒక రబ్బరు తోటలో కాంతయ్య హెడ్ కిరాణి, అంటే పెద్ద గుమాస్తా. బంటింగులో ఉన్న అతని చెల్లెలు దేవకికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. వాళ్ల తల్లి, పేరు పాపాయి, వెల్లుల్లి కారం, వాము, మెత్తబడిన పాత చీరలు మూటగట్టుకుని సిద్ధంగా కూర్చుంది. ఆమె కార్డులో కొత్తగా చేర్చిన 'జన్మదేశం' గడి ఒక్కటే ఖాళీ.

"ఒక్క మాటే గదమ్మా. రేపు రాయించేస్తాను," అన్నాడు కాంతయ్య.

ఆ ఒక్క మాటకు తోట మేనేజరు ఓడ్రిస్కల్ దొర అడ్డం పడ్డాడు. ఆయనది ఐర్లాండ్. తన కార్డులో ఆ మాటే ఇంగ్లీషులో రాసుకున్నాడు. రిజిస్ట్రేషన్ అధికారి పెంబర్టన్ దాన్ని కొట్టేశాడు.

"ఐర్లాండ్ అనేది ద్వీపం మొత్తానికి పేరు. మీ ప్రభుత్వానికి మొత్తం లేదు, ఉత్తరాన కొంత మాది. కనుక 'ఏర' అని రాయండి."

"ఏర అనేది మా ఐరిష్ మాట. ఐరిష్‌లో మాట్లాడేటప్పుడు అంటాను. ఇంగ్లీషులో మా దేశం ఐర్లాండ్."

"ఇంగ్లీషులో మీ దేశాన్ని ఐరిష్‌లోనే పిలవాలని ఈ కచేరీ నిర్ణయం."

దొరకు ఒళ్లు మండింది. ఫారం మొత్తం ఐరిష్‌లో నింపి పంపాడు. ఎవరూ అడక్కపోయినా పెంబర్టన్ పేరు పక్కన ఆయన దేశాన్ని కూడా ఐరిష్‌లోనే రాశాడు.

పెంబర్టన్ కోప్పడలేదు. రూలు చేశాడు. ఇకమీదట ప్రతి మనిషీ తన దేశం పేరు మాతృభాషలోనూ ఇంగ్లీషులోనూ రాయాలి. రెండూ ఒకటేనని ఆ భాష తెలిసిన మరొకరు ధ్రువీకరించాలి. ఆ మరొకరు దరఖాస్తుదారుకు బంధువు కారాదు. దరఖాస్తుదారు అసలే కారాదు.

ఆ చుట్టుపక్కల ఐరిష్ తెలిసినవాడు దొర ఒక్కడే. దరఖాస్తుదారూ ఆయనే. అందువల్ల కాంతయ్యను అధికారిక ఐరిష్ అనువాదకుడిగా నియమించారు. దొర ఐరిష్‌లో తిడుతున్నప్పుడు ఏళ్ల తరబడి అర్థమైనట్టు తలూపిన అనుభవమే అర్హత.

చదువు బంగళా వరండాలో మొదలైంది.

"ఏర," అన్నాడు దొర.

"అయ్యా!" అని లేచి నిలబడ్డాడు కాంతయ్య.

పిలిచింది తనను కాదనీ, అది దేశం పేరనీ తెలుసుకునేసరికి మొదటి పాఠం పూర్తయింది. రెండో పాఠం ఇంగ్లండు. ఐరిష్‌లో దాన్ని 'ససన' అంటారట.

మర్నాడు కచేరీలో పెంబర్టన్ తన పేరు పక్కనున్న మాట చూపించి, ఇది తిట్టా అని అడిగాడు.

"కాదు సార్. మీ దేశం పేరు. మా తెలుగువాళ్ల చెవికి శాసనం అన్నట్టు ఉంటుంది. రాజాజ్ఞ అని అర్థం."

పెంబర్టన్ ఒక అనువాదం చూసి సంతోషించడం అదే మొదటిసారి. వెంటనే ముద్ర వేశాడు. కాంతయ్యకు కూడా ఈ హోదా నచ్చింది. తోటలో ఎవరూ తప్పు పట్టలేని విద్య. ఇంటికెళ్లి తల్లి మూటను చూసినప్పుడు మాత్రం మనసు కలుక్కుమనేది.

పాపాయి వంతు వచ్చింది.

"అమా, నీ దేశం ఏటని అడుగుతున్నాడు."

"ఏటేటి? దేశమే."

"దేశం పేరు సెప్పాల."

"సెప్పినాను గదరా. దేశంలోంచి వచ్చినాం. మీ తాతా నానూ ఓడెక్కినాం. తోటలో అందరూ దేశమనే అంటారు లా. దానికి ఇంకో పేరుందేటి?" (మాట చివర 'లా' అనడం మలయాలో అందరికీ అంటుకునే అలవాటు.)

కాంతయ్య ఇంగ్లీషులోకి మార్చాడు. పెంబర్టన్ పైకి చదివాడు: "జన్మదేశం, దేశం." కార్డు బల్ల మీద పెట్టాడు. "అనువాదంలో తప్పు లేదు. అందుకే అంగీకరించలేను."

పైగా అనువాదకుడు కన్నకొడుకు. చెల్లదు. తోటలో తెలుగు కుటుంబం ఇంకొకటే ఉంది, గేటు కాపలా అప్పలసామిది. వాళ్లూ వరసకు చుట్టాలే. మిగిలింది దొర. అంతకుముందు పనిచేసిన తోటలో తెలుగు కూలీల మీద అరిచి అరిచి నేర్చుకున్న తెలుగు ఆయనది. అందులో సగం మాటలు ఫారంలో రాయదగినవి కావు. అయినా ఆయనను అధికారిక తెలుగు అనువాదకుడిగా నియమించారు. ఐరిష్‌కు తెలుగువాడు, తెలుగుకు ఐరిష్‌వాడు. (పరిపాలనలో దీన్ని సమతూకం అంటారు.)

దొర కాంతయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పాపాయి, నీ దేశం ఏది లా?"

"దేశమే దొరా. అక్కడున్నన్నాళ్లూ ఊరన్నాం. ఓడ దిగినాక దేశమన్నాం. మాయమ్మ అక్కడే పోయినాది. ఇంకేటి సెప్పమంటారు?"

దొర టోపీ తీసి పక్కన పెట్టాడు.

"మాకూ అంతే. దూరం వచ్చినాక 'బాల్య' అంటాం."

కాంతయ్య ఉలిక్కిపడ్డాడు. "బాల్యమా దొరగారూ?"

"కాదు. ఇల్లు. సొంత ఊరు."

"రెండింటికీ తేడా ఏటి?" అంది పాపాయి.

దొర ఐరిష్‌లో 'బాల్య' అని రాసి సంతకం పెట్టాడు. రాసింది దొర కనుక బంధుత్వం అడ్డు రాలేదు; ఐరిష్ కనుక కాంతయ్య తన ముద్ర వేసి ఇంగ్లీషులోకి మార్చాడు: హోమ్.

మలయాలోని ఇంగ్లీషు దొరలకు హోమ్ అంటే ఇల్లు కాదు, ఇంగ్లండు. సెలవులకు హోమ్ వెళ్తారు, హోమ్ నుంచి జాము సీసాలు తెప్పించుకుంటారు. పెంబర్టన్‌కు క్షణమైనా సందేహం కలగలేదు. గడి నింపేశాడు: ఇంగ్లండు.

ఎలాగైతేనేం, గడి నిండింది కదా అనుకున్నాడు కాంతయ్య. పాపాయి మూట నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరకు నడిచింది. అప్పలసామి కార్డు చదివి సెల్యూట్ చేశాడు. గేటు మాత్రం తీయలేదు.

"ఇంగ్లండు ఆడోళ్లు సిపాయిల తుపాకీ బండి తోడు నేకుండా రోడ్డు మీదకి ఎల్లకూడదంట, పెద్దమ్మా. ఆర్డరు."

"నానేటి ఇంగ్లండేట్రా? నీ పెళ్లికి పసుపు దంచినాను."

"నాకు తెల్సు పెద్దమ్మా. కార్డుకి తెల్దు గదా."

కాంతయ్య తుపాకీ బండికి దరఖాస్తు పెట్టాడు. వరసలో ఉన్నారని జవాబు వచ్చింది. ఇంగ్లండును కొట్టేయమని ఇంకొకటి పెట్టాడు. ఆమె ఇంగ్లండులో పుట్టలేదనడానికి రుజువు కావాలన్నాడు పెంబర్టన్.

"చూస్తే తెలుస్తుంది కదా సార్."

"చూడటం రుజువు కాదు, కాంతయ్యా."

ఈలోగా బంటింగు నుంచి కబురొచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. పాపాయి విని, మూట పక్కనే కూలబడింది. ఆ పూట అన్నం ముట్టలేదు. "దానికి నీళ్లెవరు పోసినారో," అంది. కాంతయ్య చొక్కా తగిలించుకున్నాడు. తిన్నగా కచేరీకెళ్లి ఐరిష్ అనువాదక పదవికి రాజీనామా ఇచ్చాడు. ఐరిష్ శాఖ రాజీనామాలు ఐరిష్‌లో ఉండాలని తిప్పి పంపారు.

పసిబిడ్డతో ఆ రోడ్డు మీదకు దేవకిని అత్తవారు పంపలేదు. చూస్తుండగా మూడేళ్లు గడిచి మెర్దేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చింది. పెంబర్టన్ ఓడెక్కి హోమ్ వెళ్లిపోయాడు. ఆ ప్రాంతంలో ప్రమాదం తొలగిందని కంచె పీకేశారు, గేటు పీకేశారు. కార్డు అడిగే నాథుడే లేడు. సరిగ్గా అప్పుడు, పాపాయి దొరసాని కోసమంటూ తుపాకీ బండి వచ్చి ఇంటి ముందు ఆగింది.

"పిల్ల కాడికి దీన్లో ఎల్తారేట్రా?" అని ఆమె కొడుకును వెంటబెట్టుకుని బస్సెక్కింది. క్లాంగులో దిగి, బస్సు మారి, మధ్యాహ్నానికల్లా బంటింగు చేరింది.

దేవకి గుమ్మంలోనే తల్లిని పట్టుకుని ఏడ్చింది. మనవరాలు అప్పటికే గడగడా మాట్లాడుతోంది, ఆ వీధిలో అందరూ మాట్లాడే తమిళంలో. పాపాయి చేతులు చాచింది. పిల్ల తల్లి కొంగు వెనక్కి తప్పుకుని, పాపాయి వైపు వేలు చూపించి అడిగింది:

"అమ్మా, ఇదు యారు?"

దానికి అనువాదకుడి అవసరం రాలేదు.