మామయ్య గారి వైన్

ఆ పొద్దున పెరుందేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే వంట ముగించుకుని గాంధీ రోడ్డుకు పోవాలి. కూతురు శ్రీహిత నిశ్చితార్థానికి పట్టుచీర తీసుకోవాలి. వచ్చేటప్పుడు తమలపాకులకు చెప్పి రావాలి. పెళ్ళికొడుకు శ్రీకృష్ణ చిత్తూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. నెమ్మదస్తుడు, నుదుట తిరుచూర్ణం లేకుండా గడప దాటడు. అలాంటి అల్లుణ్ణి ఇచ్చినందుకు ఆమె రోజూ పెరుమాళ్ళకు ఇంకో దండం అదనంగా పెట్టుకుంటోంది.

భర్త సారంగపాణి రిటైరైన సంస్కృతం మాస్టారు. ముందు గదిలో పాత కంప్యూటరు ఒకటి పెట్టుకుని, అడిగినవాళ్ళకు జాతకాలు వేసిస్తుంటాడు. అందులో ఉన్న విండోస్‌కు కాలం చెల్లిందనీ, కొత్తది ఈ పాత పెట్టెలో ఎక్కదనీ తెర మీద హెచ్చరిక వస్తోంది. విండోస్ వదిలేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుందామని శ్రీకృష్ణ ఫోనులో సలహా చెప్పాడు. ఇదంతా మాట్లాడుకునే సమయానికి వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. కొబ్బరి పచ్చడి నలిగి మిక్సీ ఆగేసరికి, స్పీకరులో పెట్టిన ఫోనులోంచి కాబోయే అల్లుడి గొంతు పెరుందేవికి స్పష్టంగా వినిపించింది.

"మొదట్లో కొంచెం తడబడతారు మామయ్యా. నాలుగు రోజులకు అలవాటైపోతాది."

"ఈ వయసులో నాకు పడుతుందా నాయనా?"

"మా కాలేజీలో పిల్లోళ్ళందరికీ నేనే అలవాటు చేసినా. ముందు వద్దంటారు, రుచి తెలిసినాక వదల్రు."

"ఫ్రీ అంటివే, నిజంగా రూపాయి కూడా పడదా?"

"ఫ్రీ అంటే ఊరికే వస్తాదని మాత్రమే కాదు మామయ్యా, స్వేచ్ఛ అని. ఎవురి అనుమతీ అక్కర్లేదు. ఎట్లా తయారు చేసేదీ దాచిపెట్టరు. మనకు నచ్చినట్టు కలుపుకోవచ్చు, పక్కింటోళ్ళకు పంచొచ్చు."

"అంతా బాగుండాది. మరి నా జాతకాలు?"

"దానికే వైన్ వేయాల. వైన్ పడిందంటే మీ జాతకాలు ముందుకంటే జోరుగా నడుస్తాయి. సాయంత్రం నేనే తెస్తా."

పెరుందేవి చేతిలోని గరిటె చారులోకి జారిపోయింది.

ఏకాదశి నాడు ఉల్లిపాయ పేరు కూడా ఎత్తని ఇల్లు అది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన రెండో గ్లాసు కాఫీ అడగడానికే తప్పు చేసినవాడిలా నీళ్ళు నమిలేవాడు. ఆమె తేరుకునేలోపల సారంగపాణే ఉత్సాహంగా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"మురుకులు ఏమన్నా ఉండాయా? సాయంత్రం అబ్బాయి వస్తాండాడు. ఇద్దరం తలుపేసుకుని కూర్చుంటాం. నువ్వు మధ్యలో పిలవబాకు."

"ఏం పనండీ?" అంది ఆమె గోడను చూస్తూ.

"చెప్పినా నీకు అర్థం కాదులే. కుదిరినాక నీకూ చూపిస్తా. అప్పటిదాకా ఎవురికీ చెప్పబాకు, నవ్వుతారు."

ఆయన కూనిరాగం తీస్తూ వెళ్ళిపోయాడు. పెరుందేవి పెరట్లోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తమ్ముడు గిరికి ఫోను చేసింది. గిరి యాత్రికులకు కార్లు తిప్పుతాడు. సగం విని రెండింతలు చేసే మనిషి. అక్క ఏడుపులో సగం విన్నాడు, కారు వేసుకుని వచ్చేశాడు, ఆమె వద్దంటున్నా వినకుండా, పెరట్లోనే నిలబడి, పెళ్ళికొడుకు తల్లి చంద్రకాంతమ్మకు ఫోను కలిపాడు.

"మీ అబ్బాయి మా బావకు వైన్ పోస్తానన్నాడంట. ఇదేం పద్ధతమ్మా?"

"మావాడా? వాడు సోడా తాగితేనే దగ్గుతాడే. మీ బావగారే అడిగింటారు. ఉండండి, వాణ్ణే అడుగుతా," అని పెట్టేసింది.

తిరిగి చేసేసరికి ఆమె గొంతే మారిపోయింది.

"పెరుందేవి వదినా, అడిగినాను. మావాడు కొంచెం కూడా జంకలేదు. 'అవునమ్మా, మామయ్యకు వైన్ వేస్తానన్నా. నేను కాలేజీలో చేరినప్పటినుంచీ అదే కదా' అన్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకోటి కూడా చెప్పినాడు. పోయినేడాది నుంచీ నాకూ వేస్తాండాడంట. 'నీకు తెలీకుండానే అలవాటైంది కదమ్మా, ఏమన్నా తేడా తెలిసిందా' అని నవ్వుతాడు. మోకాళ్ళ నొప్పులకని ఒక కషాయం తెచ్చిస్తాడు వదినా. అది తాగితే హాయిగా నిద్ర పడతాది. నేను దాన్ని మెచ్చుకుని మా చెల్లెలికి కూడా పోసినా."

పెరుందేవి బట్టలు ఉతికే బండ మీద కూలబడింది. భర్త, అల్లుడు, వియ్యపురాలు, వియ్యపురాలి చెల్లెలు. పొద్దున్నే పట్టుచీర రంగు గురించి తప్ప ఆమెకు వేరే దిగులు లేదు.

"దీనికి ఒకటే మందు," అన్నాడు గిరి. "కాణిపాకం."

తాగుడు మానాలనుకునేవాళ్ళ చేత ఆ చుట్టుపక్కల వాళ్ళు కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చేయిస్తారు. అక్కడ చేసిన ప్రమాణాన్ని తప్పే ధైర్యం ఎవరికీ లేదు. వైష్ణవులైన ఈ ఇంటివాళ్ళు వినాయకుడి గుడికి పోయింది లేదు. పెరుందేవి ఒక్క క్షణం తటపటాయించి, పెరుమాళ్ళు అర్థం చేసుకుంటాడులే అని లేచింది. కొడుకును కాలేజీ నుంచి నేరుగా అక్కడికే తెస్తానని చంద్రకాంతమ్మ మాటిచ్చింది.

"మనం కాణిపాకానికా?" అని సారంగపాణి నోరు తెరిచాడు. నిశ్చితార్థానికి విఘ్నాలు రాకుండా అని గిరి నచ్చజెప్పాడు. కారు కదిలాక ఆయన భార్య వైపు తిరిగి, "సాయంత్రానికి వచ్చేస్తాం కదా? అబ్బాయి వైన్ తెస్తాడు," అన్నాడు, పాలు తెస్తాడు అన్నంత మామూలుగా. దాచుకోవడం కూడా మానేశాడంటే వ్యవహారం ఎంత దూరం పోయిందో అని పెరుందేవి కిటికీ వైపు తిరిగి పెరుమాళ్ళను తలుచుకుంది.

పూతలపట్టు కూడలిలో కారు ఆగితే, ఎడమ వైపు పెద్ద అక్షరాలతో వైన్స్ బోర్డు కనబడింది. గిరి చటుక్కున దిగి, బావను అవతలి సీటులోకి మారమన్నాడు.

"ఎండ అటు పక్కే కదప్పా," అన్నాడు సారంగపాణి.

"ఎండే మేలు బావా," అన్నాడు గిరి.

స్వామి ఎదుట నిలబడ్డాక పెరుందేవికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"ఏమండీ, ఆ వైన్ మనకొద్దు. దాన్ని ముట్టనని స్వామి ఎదుట చెప్పండి."

సారంగపాణి ఆశ్చర్యపోయాడు. "అదేందో నీకు తెలుసా?"

"అంతా విన్నాను."

ఆయన భార్య ముఖంలోకి చూశాడు. కళ్ళు వాచి ఉన్నాయి. చాలాసేపు ఆలోచించాడు. "నువ్వు ఇంత బాధపడతావని అనుకోలేదు," అని చేతులు జోడించి, స్పష్టంగా పలికాడు. "ఈ జన్మలో నేను వైన్ ముట్టను. నా ఇంట్లోకి రానివ్వను. స్వామే సాక్షి."

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని గర్భగుడి వైపు వంగి దండం పెట్టింది.

బయట కొబ్బరికాయల అంగళ్ళ దగ్గర చంద్రకాంతమ్మ ఎదురైంది. కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. శ్రీకృష్ణ భుజాన ల్యాప్‌టాప్ సంచీ, ముఖాన అయోమయం.

"ముందు నేను చేస్తా ప్రమాణం. తెలీక తాగినా తాగిందే కదా. నా వెనక వీడు," అంది ఆమె.

"ఏం తాగినావమ్మా?"

"నువ్వు పోసిన వైన్."

శ్రీకృష్ణ అందరి ముఖాలూ చూశాడు. కాబోయే అత్తగారి వాచిన కళ్ళు చూశాడు. విషయం తలకెక్కింది. వెంటనే అంగడి ముందున్న బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద, అందరికీ కనబడేటట్టు, ఎర్రటి వైన్ గ్లాసు బొమ్మ ఒకటి ఉంది.

"ఇంకా సాక్ష్యం ఏం కావాల?" అన్నాడు గిరి.

శ్రీకృష్ణ ఆ గ్లాసు మీద నొక్కాడు. సారంగపాణి రోజూ వాడే జాతకచక్రం అచ్చంగా అదే తెరుచుకుంది. "విండోస్ కోసం చేసిన ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించేదాని పేరు వైన్, అత్తయ్యా. తాగేది కాదు. మామయ్య జాతకాలు లినక్స్‌లో నడవాలంటే ఇది ఉండాల. నడుస్తాయో లేదో నా దాంట్లో ముందే వేసి చూసినా."

"మరి నా కషాయం?" అంది చంద్రకాంతమ్మ.

"అది కషాయమే. నీకు వైన్ వేసింది కంప్యూటరులో. కుట్టు డిజైన్లు చూసుకుంటావే, అవి నడిచేది దీంట్లోనే."

"ఆ పేరు పెట్టినోడికి ఇంకో పేరే దొరకలేదా నాయనా," అని ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

అందరికంటే ముందు నవ్వింది గిరి, ఇందులో తన ప్రమేయమేమీ లేనట్టు. పెరుందేవి గుండెల మీది బండ దిగిపోయింది. సిగ్గుతో నవ్వుతూ భర్త వైపు చూసింది. ఆయన ఒక్కడే నవ్వడం లేదు.

"మరి నా ప్రమాణం?" అన్నాడు సారంగపాణి.

"అది తాగుడు గురించి కదా బావా. నువ్వెట్లాగూ తాగవు."

"తాగుడనే మాట నాకు తట్టనే లేదు గిరీ. కంప్యూటరు ముందు కూర్చుంటే అన్నానికి కూడా లేవనని మీ అక్కకు కోపమనుకున్నా. కాబోయే అల్లుడి చేత మెకానిక్ పని చేయించేది ఆమెకు నచ్చలేదనుకున్నా. మనసులో దీన్నే తలుచుకుని, దీన్నే ముట్టనన్నా."



"దానికి వేరే పేరు పెట్టి వేస్తే?" అని గొణిగాడు గిరి.

"స్వామికి పేరుతో పనేముంది," అన్నాడు సారంగపాణి. శ్రీకృష్ణ ల్యాప్‌టాప్ మూసేశాడు.

నిశ్చితార్థం అనుకున్న రోజే జరిగింది. స్వేచ్ఛ గురించి కాలేజీలో గంటలకొద్దీ మాట్లాడే శ్రీకృష్ణ, కొత్త విండోస్ ఉన్న కొత్త కంప్యూటరును స్వయంగా మోసుకొచ్చి మామగారి గదిలో పెట్టాడు. తెర మీద వచ్చిన షరతుల చాంతాడు చదవకుండా, తల తిప్పుకుని, అన్నిటికీ ఒప్పుకున్నానని నొక్కాడు. సారంగపాణి జాతకాలు మళ్ళీ నడుస్తున్నాయి.

ప్రమాణం ప్రకారం చూస్తే, ఆయన తాగడానికి మాత్రం ఇప్పటికీ ఏ అభ్యంతరమూ లేదు.