పద్నాలుగు జతల పసిచెవులు

దత్తాత్రేయ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా కొంతం చౌక్ దగ్గర కార్ఖానా యజమాని పెట్టించిన చెవుల పరీక్ష శిబిరానికి వెళ్లాలి, పరీక్ష పాసవ్వాలి, పదకొండుకల్లా దాజీ పేట్ కార్ఖానాలో తన నాలుగు మగ్గాల ముందు నిలబడాలి. పాసవక తప్పదు మరి! చెవులు పోయినవాళ్లను మగ్గం మీంచి దింపేస్తారని కార్ఖానాలో గుప్పుమంది. ముప్పై ఏళ్లుగా పవర్‌లూమ్ తప్ప వేరే పని ఎరగని మనిషికి ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

విన్నాడనడం కూడా తప్పే. తోటి పనివాడు భరత్ పెదాలు చూసి తెలుసుకున్నాడు. మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కనుక అక్కడ అందరూ పెదాలు చదువుతారు, మిగిలింది చేతి సైగలతో కానిస్తారు.

గడపలో బీడీలు చుడుతున్న భార్య సరోజ తల వంచుకునే ఏదో అంది. జవాబు రాలేదు. తల ఎత్తి మళ్లీ అంది.

"పరీక్ష కాడ నిజం చెప్పు. నీతోని ఒర్లి ఒర్లి నా గొంతు పోయింది."

"నా చెవులకేమైంది? మంచిగనే ఉన్నయ్," అని దత్తాత్రేయ చెప్పులేసుకున్నాడు.

శిబిరంలో రూపాలి అనే అమ్మాయి, చెవులు పరీక్షించే ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు పాపం, ఆయనను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. చేతికి ఒక బటన్ ఇచ్చింది.

"కాకా, కూత వినొస్తే బటన్ నొక్కుండ్రి. ఎంత బారీక్, ఎంత సన్నగ ఉన్నా సరే."

తలుపు మూసుకుంది. దత్తాత్రేయకు ఒక్క కూతా వినబడలేదు. సరిగ్గా అప్పుడే అద్దం అవతల రూపాలి వేలు మిషన్ మీద కదిలింది. ఆయన బటన్ నొక్కాడు. వేలు కదిలింది, మళ్లీ నొక్కాడు. తెగబోయే నూలుపోగును పది అడుగుల దూరం నుంచి పట్టేసే కళ్లకు వేలొక లెక్కా! రూపాలి కూతను తగ్గించుకుంటూ పోయింది. కుక్కలకు కూడా వినబడుతుందో లేదో అనిపించే చోట కూడా దత్తాత్రేయ ధీమాగా నొక్కాడు.

బయటికొచ్చి, వరుసలో నిలబడ్డ పదమూడు మందికీ కార్ఖానా సైగలతో ఒక్కటే చెప్పాడు: పిల్ల వేలు చూడండి.

పన్నెండు దాటేసరికి పద్నాలుగు మందివీ పసిపిల్లల చెవులేనని తేలింది. రూపాలి బెంబేలెత్తిపోయింది. మిషనే చెడిందనుకుని ఇంకోటి తెప్పించి, భరత్‌ను మళ్లీ గదిలో కూర్చోబెట్టింది. అంతలో యజమాని వినాయక్ వచ్చి రిపోర్టులు చూశాడు.

"అరె వా! అందరి చెవులు సోనా లెక్కున్నయ్! అయితే పుణెకెల్లి తెప్పించిన చెవి మిషన్లు వాపస్ పంపుండ్రి."

దత్తాత్రేయ ఉలిక్కిపడ్డాడు. "ఏం మిషన్లు, మాలక్?"

"వినరానోళ్లకు పైస తీసుకోకుండ ఫుకట్ల ఇద్దామనుకున్న. ఇంటికాడ మిషన్, మగ్గం కాడ మోత ఆపే చెవి కవర్లు. మీకెందుకు ఇగ?"

"మరి చెవులు పోయినోళ్లను దింపుతరని..."

"ఎవడన్నడు? ముప్పై ఏండ్ల కారీగర్‌ను దింపితే మగ్గం నేను నడపాల్నా దత్తన్నా?"

"జర ఆగుండ్రి సర్, మళ్ల చెక్ చేస్తున్న," అంటూ రూపాలి చేతులు తిప్పుతూ వినాయక్‌కు మొత్తుకుంటోంది. ఆమె వేలు ఊగినప్పుడల్లా, బటన్ నొక్కినట్టు మిషన్ మీద దీపం వెలుగుతోంది. గదిలో భరత్ శ్రద్ధగా బటన్ నొక్కుతున్నాడు. కొత్త మిషన్‌కు తగిలించాల్సిన హెడ్‌ఫోన్ల వైరు మాత్రం ఇంకా రూపాలి చేతిలోనే ఉంది.

ఆమె వైరును చూసింది, దీపాన్ని చూసింది, తన వేలును చూసుకుంది.

దత్తాత్రేయకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదే బిడ్డా. వాళ్లకు నేనే నేర్పిన. మాకు చెవులు లేవు, కండ్లే ఉన్నయ్. మగ్గం పోతదని భయపడ్డ."

వినాయక్ కోపంగా నోరు తెరిచాడు గాని, పద్నాలుగు మందీ తన పెదాల వైపే చూస్తున్నారని గమనించి మూసేశాడు. ముప్పై ఏళ్ల మోత తన మగ్గాలదే కదా. "మళ్ల తీయుండ్రి పరీక్ష," అన్నాడు మెల్లగా.

ఈసారి దత్తాత్రేయ కుర్చీ గోడవైపు తిరిగింది. చాలాసేపు బటన్ కదలనే లేదు. కూత బాగా పెద్దదయ్యాక గాని ఆయన నొక్కలేదు. పరీక్ష అయ్యాక రూపాలి వెనక నుంచే ఆయన చెవికి చిన్న మిషన్ పెట్టి, మామూలు గొంతుతో అడిగింది.

"కాకా, ఇప్పుడు?"

"వినొస్తుంది బిడ్డా," అన్నాడు దత్తాత్రేయ గోడను చూస్తూ. ఎదుట ఏ మొహమూ లేకుండా ఒక మాటకు జవాబు చెప్పానని ఆ తర్వాత తట్టింది. కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ ఉత్సాహంలో చెవి మిషన్ తీయకుండానే కార్ఖానాకు పోయి తలుపు తీశాడు. తీసినంత వేగంగా మూసి, రెండు చేతులతో చెవులు మూసుకుని, వెనకే వస్తున్న వినాయక్ దగ్గరికి పరుగెత్తాడు.

"మాలక్! గింత లొల్లిల మనిషన్నోడు పని చేస్తడా?"

ముప్పై ఏళ్ల నౌకరీలో తన మగ్గాల మీద దత్తాత్రేయ చేసిన మొదటి ఫిర్యాదు అది.