తెర మీద అప్పయమ్మ గారు

ఆ సోమవారం ఉదయం జ్ఞానానందం గారు పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, ఇంటి పక్కనే ఉన్న చర్చి ఆఫీసుకి వెళ్లి, కొత్త కంప్యూటర్‌లో పది లైన్ల ఉత్తరం కొట్టి, ప్రింటు తీసి, పదకొండు గంటల బస్సులో రోలుగుంట పంపించడం. తర్వాత తీరిగ్గా పేపరు చదువుకోవడం. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి కాబట్టి ఆయన తన పనులన్నిటికీ టైం టేబులు వేసుకుంటారు.

ఆ పది లైన్ల మీదే ఆయన కూతురి పెళ్లి ఆధారపడి ఉంది. జెన్నీకి రోలుగుంట ప్రభుకుమార్ గారి అబ్బాయి సత్యప్రకాష్‌తో సంబంధం కుదిరింది. పెళ్లి వచ్చే సోమవారం, రోలుగుంట చర్చిలో. ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముందా అని నర్సీపట్నం చర్చిలో వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదివారు. ఎవరికీ లేదు. లేదని ఇక్కడి సంఘ కార్యదర్శి ఇచ్చే ఉత్తరం శుక్రవారంలోగా అక్కడి పాస్టరు అయ్యగారి చేతికి అందాలి. అందకపోతే పెళ్లి జరగదు. ఆ పై బుధవారం నుంచి శ్రమకాలం, ఈస్టరు దాకా చర్చిలో పెళ్లిళ్లు చెయ్యరు. ఈస్టరు నాటికి, షిప్పులో పనిచేసే పెళ్లికొడుకు సెలవు అయిపోయి ఓడెక్కేస్తాడు. మళ్లీ దిగేది వచ్చే ఏడాదే. అయినా ఇంట్లో ఎవరికీ దిగుల్లేదు, ఎందుకంటే ఆ సంఘ కార్యదర్శి జ్ఞానానందం గారే.

కంప్యూటరు సంగతి కూడా చెప్పాలి. పాతది వానాకాలంలో పిడుగు దెబ్బకి పోయింది. జీడిపిక్కల వ్యాపారం చేసే సోమన్న గారు కొత్తది కొని, స్వర్గస్థురాలైన తన తల్లి అప్పయమ్మ గారి జ్ఞాపకార్థం చర్చికి ఇచ్చారు. ఆ చర్చిలో ఫ్యాన్ల రెక్కల మీద, గోడ గడియారం మీద, చివరికి నీళ్ల డ్రమ్ము మీద కూడా ఎవరి జ్ఞాపకార్థం ఎవరిచ్చారో ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. కంప్యూటరు మీద రంగు వెయ్యకూడదని షాపువాడు చెప్పడంతో, అప్పయమ్మ గారి ఫొటోనే తెర మీద పెట్టించారు. తెల్లచీర, కళ్లజోడు, చిన్న నవ్వు. ఆదివారం ఆరాధనలో ఇక్కడి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి కంప్యూటర్ని ప్రతిష్ఠించారు. ఇకమీదట సంఘం ఉత్తరాలన్నీ ఈ కంప్యూటర్ మీదే వెళ్లాలని జ్ఞానానందం గారు తీర్మానం ప్రవేశపెట్టారు. అందరూ చేతులెత్తారు.

సోమవారం పొద్దున ఆయన స్విచ్చి నొక్కగానే అప్పయమ్మ గారు నవ్వుతూ ప్రత్యక్షమయ్యారు. ఈయన కూడా మర్యాదగా నవ్వి, పాత ఉత్తరాలున్న సీడీ పెట్టి, ఒకటి తెరిచి చూసి కొయ్యబారిపోయారు. అందులో ఒక్క తెలుగక్షరం లేదు. 'క్రీస్తునందు ప్రియులైన' అని ఉండాల్సిన చోట రెండు డాలరు గుర్తులు, టోపీ పెట్టుకున్న ఇంగ్లిషు 'ఏ'లు నాలుగు, ఒక ప్రశ్నార్థకం ఉన్నాయి. తెలుగు టైపింగు సీడీ వేసి చూస్తే అది అసలు ఎక్కనే లేదు.

కంప్యూటర్లు బాగుచేసే దేవుళ్లు కబురందుకుని వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఏ కంప్యూటర్ని చూసినా ముందు నిట్టూరుస్తాడు.

"ఇందులో ఉన్నది విండోసు విస్టా అండి మాస్టారూ, సరికొత్తది. మీ తెలుగు సీడీ ఎక్స్‌పీ కాలం నాటిది. దానికి ఇది తెలీదు."

"అయితే ఇప్పుడేం చెయ్యాలి?"

"కొత్తది తీసీసి పాతది ఎయ్యాలండి."

"నిన్ననే ప్రతిష్ఠించుకున్న కంప్యూటరయ్యా బాబూ! ఇరవై నాలుగు గంటలు కాలేదు!"

"పైన డబ్బా కొత్తదే ఉంటాదండి. లోపలే పాతది ఎడతాను. ముందు మొత్తం తుడిసీయాలి. రెండు గంటల పని."

జ్ఞానానందం గారు తెర వంక చూశారు. "మొత్తమంటే... ఈవిడ కూడానా?"

"ఆవిడా ఎల్లిపోతారండి. మళ్లీ తెచ్చి ఎడతాను. అదేం పని!"

మరొకరైతే కానివ్వమని, రెండు గంటల్లో ఉత్తరం తీసుకుని బయటపడేవారు. జ్ఞానానందం గారు మాత్రం దాతకి చెప్పకుండా గోడ మీద మేకు కూడా కదిలించని మనిషి. వెంటనే సోమన్న గారికి ఫోను చేశారు.

"సోమన్న గారూ, చిన్న ఇబ్బంది వచ్చిందండి. కంప్యూటర్లోంచి మీ అమ్మగారిని తీసేయాల్సి వస్తోంది..."

అంతవరకే వెళ్లింది. సోమన్న గారు అప్పుడు జీడితోటల బేరానికి చింతపల్లి ఘాటు రోడ్డెక్కుతున్నారు. కొండ మలుపులో సిగ్నలు పోయింది. 'మళ్లీ పెడతాం' అన్న ముఖ్యమైన ముక్క జ్ఞానానందం గారి నోట్లోనే ఉండిపోయింది. సిగ్నలు వచ్చాక సోమన్న గారు ఈయనకి ఫోను చెయ్యలేదు. ఏటికొప్పాకలో ఉన్న తన అక్క అప్పలకొండమ్మకి చేశారు. ఆవిడ తన అక్కచెల్లెళ్లందరికీ చేసింది.

మంగళవారం సాయంత్రం కమిటీ అత్యవసరంగా కూర్చుంది. విషయం: కొత్త కంప్యూటర్‌లో పాత విండోసు వెయ్యవచ్చునా, కూడదా. ఏడుగురు సభ్యుల్లో కంప్యూటర్ మీద చెయ్యి వేసిన వాళ్లు ఇద్దరే. ఎక్కువగా మాట్లాడింది మాత్రం మిగిలిన ఐదుగురే.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఎస్తర్ రాణి గారు లేచి నిలబడ్డారు. "ముందుకి నడిపించు ప్రభువా అని పతీ ఆదివారం ప్రార్థన సేస్తన్నాం. నడిపించాడు. ఇప్పుడు మనమే ఎనక్కి పోతాం అంటే ఏటండీ అర్థం?"

"ఎనక్కి కాదండి, తెలుగు రావట్లేదండి!" అన్నారు జ్ఞానానందం గారు. కంగారులో ఆయనకి కూడా ఊరి యాస వచ్చేసింది. "శుక్రవారంలోగా ఉత్తరం వెళ్లకపోతే మా అమ్మాయి పెళ్లి ఆగిపోతుంది!"

అందరికీ జెన్నీ అంటే ప్రేమే. కానీ సోమన్న గారంటే భయం కూడా ఉంది, ఆయన కట్టిస్తున్న చర్చి ప్రహరీ గోడ ఇంకా సగమే లేచింది. రెండున్నర గంటల చర్చ తర్వాత అయ్యగారు మధ్యేమార్గం చెప్పారు. "ప్రతిష్ఠించిన దాన్ని ఊరికే తుడిచెయ్యడం బాగోదు. గురువారం పొద్దున్న చిన్న ప్రార్థన పెట్టుకుందాం. ఆ కుటుంబాన్ని పిలుద్దాం. వాళ్ల ఎదుటే తీసి, వాళ్ల ఎదుటే మళ్లీ పెడదాం."

గురువారానికి ఆ చిన్న ప్రార్థన పెద్దదైపోయింది. ఆఫీసు గదిలో నలుగురికి మించి పట్టరు కాబట్టి ఎస్తర్ రాణి గారు చర్చి ఆవరణ నుంచి జ్ఞానానందం గారి గేటు దాకా టెంటు వేయించి, అరవై కుర్చీలు తెప్పించారు. కంప్యూటర్ని బయటికి తెచ్చి, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టారు. కరెంటు తీగ జ్ఞానానందం గారి వరండాలోంచి లాగారు. సోమన్న గారు ఇంకా కొండ దిగలేదు గానీ, తొమ్మిదింటికి ఏటికొప్పాక నుంచి మూడు ఆటోలు దిగాయి. అప్పలకొండమ్మ తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి, తెచ్చిన బంతిపూల దండ మానిటర్‌కి వేసి, దాన్ని రెండు చేతులా కావలించుకుంది.

"అమ్మా! ఒకపాలి ఎల్లిపోనావు, సాలదేటే! మళ్లీ ఎల్లిపోతన్నావేటే తల్లీ!"

"తల్లీ, మళ్లీ పెడతామమ్మా," అని అయ్యగారు చెబుతూనే ఉన్నారు. ఎవరు వింటారు? ఆవిడ ఏడుపు చూసి చెల్లెళ్లు అందుకున్నారు. వాళ్లని చూసి స్త్రీల సమాజం వాళ్లు, అలవాటు కొద్దీ, సమాధి దగ్గర పాడే పాట ఎత్తుకున్నారు. దేవుళ్లు మీట నొక్కాడు. అప్పయమ్మ గారు మాయమై తెర నల్లబడింది. టెంటు మొత్తం ఒక్కసారి గొల్లుమంది.

సరిగ్గా అప్పుడే పది గంటల రోలుగుంట బస్సు ఆ వీధిలో మెల్లగా వెళ్లింది. కండక్టరు ప్రభుకుమార్ గారికి బాగా తెలిసినవాడు. పెళ్లికూతురి ఇంటి గేటు దగ్గర టెంటు, ఏడుస్తున్న ఆడవాళ్లు, పూలదండ. అంతకుముందే బల్ల మీద తెల్లచీర ముసలావిడ ఫొటో చూసి వచ్చిన ప్రయాణికుడొకడు బస్సులోనే ఉన్నాడు. జ్ఞానానందం గారికి ఎనభై నాలుగేళ్ల తల్లి ఉన్నదని కండక్టరుకి తెలుసు. ఇక ఆయన ఎవరినీ ఏమీ అడగక్కర్లేకపోయింది.

పదకొండున్నరకి గేటు ముందు రెండు జీపులు ఆగాయి. ప్రభుకుమార్ గారు పెద్ద పూలచక్రం పట్టుకుని దిగారు. వెనక ఇరవై మంది దిగారు. అప్పటికి ఎక్స్‌పీ సగం ఎక్కింది. పూలచక్రం అప్పయమ్మ గారికనీ, వాళ్లు ఉత్తరం కోసమే స్వయంగా వచ్చారనీ అనుకుని జ్ఞానానందం గారు చేతులు నలుపుకుంటూ ఎదురెళ్లారు.

"ఇంకో గంట ఓపిక పట్టండి బావగారూ. అంతా అయిపోతుంది."

ప్రభుకుమార్ గారు ఆయన్ని గుండెలకి హత్తుకున్నారు. "మీరేటీ కంగారు పడకండి బావగారూ. పెళ్లి మాట ఇప్పుడెందుకు? వంటోళ్లకి వద్దని సెప్పీసాను. కార్డులిచ్చినోళ్లందరికీ ఫోన్లు కొట్టిస్తన్నాను. వచ్చే ఏడాది సేసుకుందాం."

గుమ్మంలో నిలబడి వింటున్న జెన్నీ ముఖం పాలిపోయింది. జ్ఞానానందం గారి భార్య ప్రేమజ్యోతి గారు గోడ పట్టుకున్నారు. "అదేమిటండీ, రేపటి దాకా గడువుంది కదా!" అన్నారు జ్ఞానానందం గారు.

"గడువుదేటుందండి, ముందు మనిషి కదా," అని ప్రభుకుమార్ గారు కళ్లు తుడుచుకున్నారు. "అమ్మగారు బంగారం లాటి మనిషి. నిశ్చితార్థం నాడు నా నెత్తి మీద సెయ్యేసి దీవించారు."

ఆ సమయంలో జెన్నీని పక్కకి తప్పిస్తూ, చేతికర్ర టకటకలాడిస్తూ, తెల్లచీరలో ఒక ముసలావిడ గుమ్మంలోకి వచ్చింది. జ్ఞానానందం గారి తల్లి గున్నమ్మ.

"ఒరే ఆనందం! మనింట్లో కరెంటు ఎవడ్రా లాగీసాడు? ఫేను తిరగట్లేదు, ఉక్కిరిబిక్కిరైపోతన్నాను!"

పెళ్లివారిలో ఒకావిడ కెవ్వుమని అరిచి పక్కావిడ మీద పడింది. ప్రభుకుమార్ గారి చేతిలోంచి పూలచక్రం జారి, దొర్లుకుంటూ వెళ్లి గున్నమ్మ కాళ్ల దగ్గర పడింది. ఆయన దొరికిన కుర్చీలో కూలబడ్డారు. ఏడుస్తున్న అప్పలకొండమ్మ కూడా ఏడుపు ఆపి చూసింది. గున్నమ్మ వంగి చక్రం మీద కాగితాన్ని చూసి, మనవరాలిని చదవమంది. జెన్నీ చదవలేకపోయింది. అయ్యగారు చదివారు. "గున్నమ్మ గారికి కన్నీటి నివాళి, రోలుగుంట బంధువులు."

గున్నమ్మ చక్రాన్ని కర్రతో తట్టింది. "నాకీ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ ఒక్క పువ్వు తేలేదు. బాగుంది. లోపలెట్టండి."

అసలు సంగతి పెళ్లివారికి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది. కంప్యూటర్‌లో కొత్తది తీసి పాతది వేస్తున్నామంటే ప్రభుకుమార్ గారు మొదట నమ్మలేదు. అంతమంది ఏడుస్తున్నది అందుకేనా అని మూడుసార్లు అడిగారు. నమ్మాక మాత్రం ఒక్క ఉదుటున లేచి, సెల్లు చెవికి ఆనించుకుని ఆవరణంతా తిరిగారు. వంటవాళ్లు దొరికారు. ఫోన్లు కొడుతున్న తమ్ముణ్ణి పదకొండో నంబరు దగ్గర ఆపగలిగారు. సోమవారం పెళ్లి సోమవారమే అని ఖాయమయ్యాక ప్రేమజ్యోతి గారు గోడని వదిలారు.

ఈలోగా దేవుళ్లు పని ముగించాడు. అప్పయమ్మ గారు మళ్లీ తెర మీదికి వచ్చారు. పాత విండోసులో ఏదో కొలత కుదరక, ఫొటో అడ్డంగా సాగి, ఆవిడ బాగా లావుగా కనిపించారు. అప్పలకొండమ్మ దగ్గరికెళ్లి, తేరిపార చూసి, కళ్లొత్తుకుంది.

"అమ్మ ఒళ్లు సేసింది. పోయినప్పుడు పుల్లలా ఉండేది. ఇదే బాగుంది, ఇలాగే ఉండనీండి."

తెలుగు సీడీ ఎక్కింది. పది లైన్లూ అచ్చ తెలుగులో, ఒక్క డాలరు గుర్తు లేకుండా, ప్రింటరులోంచి బయటికొచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. జ్ఞానానందం గారు సంతకం పెట్టడం కూడా మరిచిపోయి, ఆ వేడి కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని వియ్యంకుడికి అందించారు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆయనకి ఊపిరి ఆడింది.

ప్రభుకుమార్ గారు మొదటి నుంచి చివరి దాకా చదివారు. మడిచారు. మళ్లీ విప్పి, వెనక్కిచ్చేశారు.

"శానా బాగుందండి బావగారూ. కానీ మా అయ్యగారు అచ్చేసిన కాయితం తీసుకోరు. నిరుడొకడు ఇలాటిదే కంప్యూటర్లో కొట్టించుకొచ్చి రెండో పెళ్లికి సిద్ధమైపోయాడు. అప్పట్నుంచి మా సంఘంలో తీర్మానం. సేత్తో రాసి, సంతకం పెట్టి, సీలెయ్యాలి."

జ్ఞానానందం గారు అయ్యగారి వంక చూశారు. అయ్యగారు టెంటు గుడ్డ వంక చూశారు. ఎస్తర్ రాణి గారు కుర్చీలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"ఈ ముక్క ముందే సెప్పొచ్చు కదండీ!" అన్నారు జ్ఞానానందం గారు.

"మీరు మాస్టారు. సేతిరాత కాక ఇంకేటి పంపిస్తారనుకున్నానండి."

ఉత్తరం నాలుగు నిమిషాల్లో తయారైంది. అందులో మూడు నిమిషాలు పెన్ను దొరకడానికే సరిపోయాయి.