గట్టు మీద వేగంగా నడిచిన మనిషి

ఆ రోజు పొద్దున్నే లేచేసరికి పెంచలప్రసాద్ ఏం చేయాలో నిశ్చయించుకుని ఉన్నాడు. తెల్లవారకముందే తన రొయ్యల గుంట దగ్గరికి వెళ్లి, చెమట పట్టేదాకా గట్టు మీద నడవాలి. టీలో చక్కెర మానాలి. రాత్రి అన్నం సగానికి తగ్గించి త్వరగా పడుకోవాలి. ముందురోజు నెల్లూరులో డాక్టరమ్మ చెప్పినవి ఇవే. మూడు నెలలు ఇలా చేసి మళ్లీ రక్తపరీక్షకు రమ్మంది. అప్పటికీ షుగర్ దిగకపోతే మాత్రలు రాస్తానంది.

అతనికి షుగర్ కంటే మాత్రలంటేనే భయం. అతని అన్న ఒక మాత్రతో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన ఏ ఊరికి బయల్దేరినా బట్టల కంటే ముందు మాత్రల డబ్బా సర్దుకుంటాడు.

"నేను మాత్ర మింగేది లేదు," అని పెంచలప్రసాద్ భార్య మాలకొండమ్మతో అన్నాడు. "ఇంకో మాట. ఈ సంగతి ఎవరికీ చెప్పబాక."

"దాచేదానికి అదేమన్నా దొంగసొత్తా?"

"తెలిస్తే ఒకడు మెంతులంటాడు, ఒకడు కాకరకాయ రసమంటాడు. మా అన్నకు వేపాకు నూరి తాగించి మంచాన పడేసినారు కదా. నాకు డాక్టరమ్మ చెప్పింది చాలు."

"నేను చెప్పన్లే. ముందు ఆ బూట్ల తాళ్లు కట్టుకో. గుంటలో పడితే అందరికీ నువ్వే చెప్పుకోవాల."

అల్లూరు దాటి సముద్రం వైపు వెళ్తే వరి పొలాలు ఆగిపోయి రొయ్యల గుంటలు మొదలవుతాయి. పెంచలప్రసాద్ గుంట ఆ వరసలో ఉంది. అక్కడ రైతు గట్టు మీద నడిచే తీరు ఒకటుంది. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, నీళ్లు చూస్తాడు. మేత పళ్లెం పైకి లాగి రొయ్యలు ఎంత తిన్నాయో, ఎంత వదిలాయో చూస్తాడు. మళ్లీ నాలుగడుగులు వేస్తాడు. వేగంగా నడిచే సందర్భాలు రెండే. కరెంటు పోయి నీళ్లలో గాలి మిషన్లు ఆగినప్పుడు ఒకటి. రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలినప్పుడు రెండోది. ఆ రోగం నీళ్ల వెంట, కాకుల వెంట, మనుషుల కాళ్ల వెంట పక్క గుంటకు పోతుంది. అందుకని ప్రతి రైతుకూ ఒక కన్ను సొంత గుంట మీద, ఒక కన్ను పక్కవాడి గట్టు మీద ఉంటుంది.

పక్క గుంట జయరామయ్యది. ఆయన వేపపుల్ల నములుతూ చూశాడు. పెంచలప్రసాద్ కొత్త బూట్లు వేసుకుని, చేతులు ఊపుతూ, నీళ్ల వైపు చూడకుండా గట్టు చుట్టూ తిరుగుతున్నాడు. కరెంటు ఉంది. మిషన్లు తిరుగుతున్నాయి. ఇక మిగిలిన కారణం ఒకటే.

"ఏం అల్లుడా, యాడికి?" అని జయరామయ్య కేకేశాడు.

"యాడికీ లేదు మామా."

"మరి ఏందా నడక?"

"ఊరక."

ఆ గుంటల వరసలో ఊరక నడిచిన రైతును జయరామయ్య అంతవరకూ చూడలేదు. ఆయన వేపపుల్ల ఉమ్మేసి, బ్లీచింగ్ పొడి బస్తా తెప్పించి, రెండు గుంటల మధ్య గట్టు పొడుగునా చల్లించాడు.

పెంచలప్రసాద్ నడక ముగించి రోడ్డు మీద నూర్జాన్ టీ అంగడికి వెళ్లాడు. రోజూ ఆమె టీ ఇచ్చాక అతను ఇంకో చెంచా చక్కెర అడిగి వేయించుకునేవాడు.

"చక్కెర వద్దు నూర్జాన్."

ఆమె చెంచా పట్టుకుని అతని ముఖంలోకి చూసింది. "ఒంట్లో బాగలేదా అన్నా?"

"బాగుండాది."

"ఇంట్లో?"

"అందరూ బాగుండారు."

అతను ఒక గుక్క తాగి ముఖం చిట్లించి, మిగతాది కళ్లు మూసుకుని తాగి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన జయరామయ్యకు నూర్జాన్ ఆ సంగతి చెప్పింది. "చక్కెర లేకుండా తాగినాడు. దుఃఖంలో ఉన్న మనిషికి రుచి తెలీదు కదన్నా." జయరామయ్య తాను చూసింది చెప్పాడు. ఆ వారంలో మేత కొట్టు దగ్గర ఇంకో మాట కలిసింది. పెంచలప్రసాద్ రాత్రిపూట గుంట దగ్గర షెడ్డులో కూర్చోవడం మానేశాడు, పెందలాడే లైటు ఆర్పి పోతున్నాడు. గుంటలో ఏమీ మిగలనప్పుడు కాపలా దేనికని ఎవరో అడిగారు. అడిగినవాడు తనకు తెలియక అడిగాడు. విన్నవాళ్లు దాన్నే జవాబుగా తీసుకున్నారు.

నెల్లూరు నుంచి రొయ్యలు కొనే షఫీ వచ్చాడు. వెనక ఐసు లారీ ఉంది.

"అన్నా, మనకు ఇన్నేళ్ల సావాసం. గుంట ఎట్లుంది?"

"బాగుండాది."

"బాగుంటే ఎందుకు నడుస్తుండావు?"

పెంచలప్రసాద్ కొంచెం ఆలోచించి సగం నిజం చెప్పాడు. "పొద్దున్నే నడిస్తే ఆరోగ్యం కదా షఫీ."

షఫీ చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అతని భుజం మీద చెయ్యేశాడు. "నా దగ్గర దాచబాక అన్నా. ఈ రోజే పట్టేస్తే ఎంతో కొంత చేతికొస్తాది. రేపటికి అదీ ఉండదు."

"రొయ్య వేసి నెల కాలేదు. వేలెడంత లేదు. ఏం పడతావు?"

"నీ మంచికే చెప్తుండా."

లారీ ఖాళీగా తిరిగి వెళ్లింది. ఐసు లారీ ఒక గుంట ముందు ఆగడం అందరూ చూశారు. అది ఎందుకు ఖాళీగా వెళ్లిందో ఎవరూ అడగలేదు.

మర్నాడు పెంచలప్రసాద్ నడక మొదలుపెట్టేసరికి కాలువ దగ్గర తన తూముకు అడ్డంగా ఇసక మూటలు కనిపించాయి. అన్ని గుంటలకూ నీళ్లు ఆ కాలువ నుంచే రావాలి, ఆ కాలువలోకే పోవాలి. మూటల పక్కన జయరామయ్య నిలబడి ఉన్నాడు.

"నీ నీళ్లు కాలువలోకి వదిలితే మేమంతా మునుగుతాం అల్లుడా."

"నా రొయ్యకు ఏ రోగమూ లేదు మామా."

"లేకపోతే ఆ నడక మాను."

"మానను."

"చూసినారా," అన్నాడు జయరామయ్య వెనక నిలబడ్డ వాళ్లతో.

కొత్త నీళ్లు లేకుండా గుంట ఎన్నాళ్లో నిలవదు. పెంచలప్రసాద్ ల్యాబు వాళ్లను పిలిపించాడు. వల జయరామయ్య చేతికే ఇచ్చి, ఆయనకు ఇష్టమైన చోట రొయ్యలు పట్టమన్నాడు. సాయంత్రానికి ఫలితం వచ్చింది. రోగం లేదు. ఆ కాగితం టీ అంగడిలో చేతులు మారింది. జయరామయ్య దాన్ని రెండుసార్లు చదివాడు.

"రొయ్య బాగుందనే రాసినారు," అన్నాడు. "మరి మనిషి ఎందుకు బాగలేడు? కాగితం అబద్ధం చెప్తాదేమో గానీ నడక చెప్పదు."

మూటలు తీయలేదు. ఆ రాత్రి మాలకొండమ్మ సగం అన్నం వడ్డించిన పళ్లెం భర్త ముందు పెట్టి తానూ కూర్చుంది.

"షుగరని చెప్పేస్తే పోదా?"

"ఇప్పుడు చెప్తే నమ్ముతారా? గుంట సంగతి దాచేదానికి రోగం కల్పించినాడంటారు."

"అయితే మామూలుగా ఉండు. రొయ్య చేతికొచ్చేదాకా గట్టు మీద మెల్లగా నడువు. అంగడిలో అందరి ముందరా చక్కెర టీ తాగు."

"మాత్ర పడతాదే."

"మూటలు తీయకపోతే రొయ్య చస్తాది. ఏది కావాలో నువ్వే చెప్పు."

పెంచలప్రసాద్ సగం అన్నం తిని లేచాడు. ఇంట్లో మాత్రం పట్టు వదలనని చెప్పాడు.

మర్నాడు అతను నాలుగడుగులకొకసారి ఆగుతూ గట్టు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. ప్రతి మేత పళ్లెమూ ఎత్తి చూశాడు. అంగడిలో కూర్చుని, "ఇంకో చెంచా వెయ్యి నూర్జాన్," అని అందరికీ వినపడేలా అన్నాడు. నూర్జాన్ సంతోషించి రెండు వేసింది. మధ్యాహ్నానికి మూటలు తీశారు. షఫీ ఫోను చేసి క్షమించమన్నాడు. సాయంత్రం మలైకాజా పెట్టెతో వచ్చి, తన కళ్ల ముందు తినమన్నాడు. పెంచలప్రసాద్ ఒకటి తిన్నాడు. షఫీ ఇంకా చూస్తూనే ఉన్నాడు. అతను రెండోదీ తిన్నాడు.

అతను తప్పించుకునే ప్రయత్నం మానలేదు. ఒకరోజు టీ సగం పారబోశాడు. గంటలోపు ఇద్దరు రైతులు గుంట చూడడానికి వచ్చారు. ఇంకో రోజు మలుపు దగ్గర నాలుగడుగులు వేగంగా వేశాడు. జయరామయ్య అవతలి గట్టు మీద నుంచి దగ్గాడు.

జయరామయ్యకు అనుమానం పోలేదు. పక్క గుంటను కనిపెట్టుకుని ఉండడానికి ఆయన తెల్లవారకముందే లేవసాగాడు. లేవడం కోసం పెందలాడే పడుకున్నాడు. పెందలాడే పడుకుంటే రాత్రి అన్నం అరగడం లేదని దాన్ని తగ్గించాడు. పెంచలప్రసాద్ ఏ మూల ఆగినా అవతలి నుంచి చూడాలంటే తన గట్టు చుట్టూ వేగంగా తిరగాలి. ఆయన తిరిగాడు. ఎందుకు నడుస్తున్నావని ఆయన్ను ఒక్కరూ అడగలేదు. ఎందుకో అందరికీ తెలుసు.

రొయ్య బాగా పెరిగింది. రొయ్యల పట్టుబడి అయిపోయిన వారం పెంచలప్రసాద్ నెల్లూరు వెళ్లాడు. డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద జయరామయ్య కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ కాసేపు గోడ గడియారం చూశారు.

"నువ్వేంది మామా ఇక్కడ?"

"బరువు తగ్గిపోయినా. చొక్కాలన్నీ వదులైనాయి. ఇంట్లో భయపడి పంపినారు. నువ్వు?"

పెంచలప్రసాద్ దగ్గర అబద్ధాలు అయిపోయాయి. "షుగర్ మామా. మూడు నెలల నుంచి. అందుకే నడిచినా."

జయరామయ్య అతని బూట్ల వైపు చూసి, తల వంచుకున్నాడు. "ముందే చెప్పుంటే మెంతులు ఇచ్చుంటా కదరా."

డాక్టరమ్మ ఇద్దరినీ వరసగా చూసింది. జయరామయ్యకు ఏ జబ్బూ లేదంది. బీపీ సరిగ్గా ఉంది, బరువు ఉండాల్సినంత ఉంది. ఏం చేశారని అడిగింది.

"నేనేం చేయలేదమ్మా. ఈయన్ను కనిపెట్టుకుని తిరిగినా."

"అలాగే తిరగండి. టీలో చక్కెర కూడా మానేస్తే ఇంకా మంచిది."

పెంచలప్రసాద్ షుగర్ పెరిగింది. డాక్టరమ్మ మాత్ర రాసింది. అతను ఆ చీటీ తీసుకోకుండా చేతులు కట్టుకున్నాడు.

"ఇంకో మూడు నెలలు ఇవ్వండమ్మా. ఈసారి నడిచి చూపిస్తా."

"నడవండి. మాత్ర మింగి నడవండి."

రెండో పంటకు గుంటల్లో నీళ్లు నింపారు, రొయ్య పిల్లలు వేశారు. కొన్నాళ్లకు ఒక ఉదయం ఇద్దరూ టీ అంగడి దగ్గర కలిశారు. జయరామయ్య గ్లాసు అందుకుంటూ, "నూర్జాన్, ఇక నుంచి నాకు చక్కెర వద్దమ్మా," అన్నాడు. నూర్జాన్ చెంచా ఆగిపోయింది. జయరామయ్య తాగి గట్టు మీదికి వెళ్లాక ఆమె పెంచలప్రసాద్ వైపు వంగింది.

"అన్నా, ఆయన గుంట ఎట్లుంది?"

పెంచలప్రసాద్ నిజం చెప్పబోయి ఆగాడు. జయరామయ్య మూడు నెలలు ఏ అడ్డూ లేకుండా ఎలా నడిచాడో అతనికి గుర్తొచ్చింది.

"ఏమో నూర్జాన్. కనిపెట్టి చూడాల," అని బూట్ల తాళ్లు బిగించుకుని, గట్టు మీద జయరామయ్య వెనకే వేగంగా నడిచాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఎండెక్కక ముందే షఫీ ఐసు లారీ జయరామయ్య గుంట ముందు ఆగింది.