మా గేటు తుప్పు, మావగారి లారీ

ఆ రోజు పొద్దున కోడూరు ఆకాశం నిండా మబ్బు పట్టి ఉంది. కురవదు, కదలదు. ఇంటి పని చెప్పినప్పుడు నేనెలా ఉంటానో అచ్చం అలాగే ఉందని మా ఆవిడ హెప్సిబా అంది. నేను కాదనలేదు. నేను మాటల మనిషిని కాను.

అప్పుడే కొరియరాయన ఒక పెట్టె ఇచ్చి వెళ్లాడు. లోపల అంగుళమంత సీసా. హెప్సిబా దాని మీద చీటీ చదివింది.

"తుప్పా?"

"తుప్పు పొడి. లారీ బొమ్మకి."

"డబ్బు పెట్టి తుప్పు కొన్నారా?"

ఆమె సీసా వంకా, వీధి గేటు వంకా, నా వంకా చూసింది. ఆ మూడింటిలో తుప్పు తక్కువ ఉన్నది సీసాలోనే.

దివిసీమలో తుప్పు కొన్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. ఇక్కడి సముద్రపు గాలికి కొత్త సైకిలు ఇంటికి వచ్చేలోపే పాతబడుతుంది. మా కిటికీ ఊచలు, చేతిపంపు, మేడమెట్ల కమ్మీ, ఆఖరికి నా కళ్లజోడు మర కూడా తుప్పే. గేటు తెరిస్తే వీధి చివర పడుకున్న కుక్క లేస్తుంది. గీకి రంగు వెయ్యమని హెప్సిబా మూడేళ్లుగా చెబుతోంది. చూద్దామని నేనూ మూడేళ్లుగా చెబుతున్నాను. మా కాపురంలో ఇద్దరం మాట మీద నిలబడ్డ సంగతి అదొక్కటే.

ఇక లారీ సంగతి. మా మావగారు దేవసహాయం గారికి ఒకప్పుడు సొంత లారీ ఉండేది. ముందు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ. ఇరవై ఏళ్లు ఉయ్యూరు ఫ్యాక్టరీకి దాని మీదే చెరుకు తోలారు. ఆయన పుట్టినరోజు కృతజ్ఞతా ప్రార్థన ఏటా ఒక బిడ్డ ఇంట్లో జరుగుతుంది. ఎనభయ్యోది మా వంతుకి వచ్చింది. ఆ రోజున ఆ లారీనే చిన్నగా చేసి ఆయన చేతిలో పెట్టాలని నా పథకం.

ఎందుకంటే, ముప్పై ఏళ్లలో నేను చేసిన ఏ పనినీ ఆయన బాగుందనలేదు. ఈ ఇల్లు కట్టినప్పుడు చుట్టూ తిరిగి చూసి "గాలి వస్తోంది" అన్నారు. మా అమ్మాయి బ్లెస్సీ పుట్టినప్పుడు ఎత్తుకుని "అంతా మా హెప్సీ పోలికే" అన్నారు. అందులోనూ నాకు చోటివ్వలేదు.

ఊరూరా ఉత్తరాలు పంచి కిందటేడే రిటైరయ్యాను కనుక తీరికకి లోటు లేదు. ప్లాస్టిక్ ముక్కల పెట్టె తెప్పించి నెల రోజులు అతికించాను. అసలు లారీలో ఇరవై నాలుగో వంతు. తొట్టికి ఐస్‌క్రీం పుల్లలు. పక్క అద్దాలకి హెప్సిబా పౌడరు డబ్బా అద్దం. చక్రాల బురదకి కాలవగట్టు మట్టి, ఆమె టీ వడకట్టులో జల్లించాను. రంగు పెచ్చులూడినట్టు కనపడాలంటే తడి రంగు మీద ఉప్పు చల్లి, పైన ఇంకో రంగు కొట్టి, ఆరాక బ్రష్షుతో ఉప్పు రాల్చాలట. ఫోనులో చూసి నేర్చుకున్నాను. ఆ బ్రష్షు కూడా ఆమెదే. పళ్లు తోముకునేది. పాతదనుకున్నాను.

మిగిలింది తుప్పు. లారీకి తుప్పు పట్టించాలని హెప్సిబాతో ముందే అన్నాను. అది ఎక్కడెక్కడ ఉండాలో తెలియడానికి నా దగ్గర ఫొటో ఉంది. లారీ ముందు కుర్రతనపు మావగారు. బానెట్టు మీద, తలుపు మీద గోధుమరంగు మచ్చలు. ఒక్కో మచ్చా కొలిచి దించాను. తలుపు సగమయ్యేసరికి సీసా ఖాళీ.

"ఇంకో సీసా తెప్పించాలి" అన్నాను.

"ఎందుకండీ, మనింట్లో తుప్పుకి కరువా?" అంది హెప్సిబా, చేటలో బియ్యం చెరుగుతూ.

ఆలోచన నాకే వచ్చినట్టు లేచాను. ఉప్పుకాగితం పట్టుకుని గేటు కింద కాగితం పరిచి గీకాను. మంచి ఎర్రటి పొడి వచ్చింది. తెచ్చి చూపించాను.

"ఫొటోలో ఇంత ఎరుపు ఎక్కడుంది?" అంది.

"మరి?"

"ఏమోనండీ. ఆ రెండో రెక్కది చూడండి. వాన కొట్టే వైపుది వేరుగా ఉంటుందేమో."

రెండో రెక్కా గీకాను. అది పసుపు తిరిగిందంది. కిటికీ ఊచలది నల్లగా ఉంటుందేమో చూడమంది. ఏడు కిటికీలు గీకాను. చేతిపంపుది ముద్దగా ఉందంది. మేడమెట్ల కమ్మీది పొడిగా ఉండొచ్చంది. ఇంత కళాదృష్టి ఉన్న మనిషి ముప్పై ఏళ్లుగా నాకు గుత్తొంకాయ మాత్రమే ఎలా వండి పెట్టిందా అని ఆశ్చర్యపోయాను. నాలుగు రోజుల్లో రకానికొకటి చొప్పున పదకొండు సీసాల తుప్పు పోగైంది. లారీకి చెంచాడు పట్టింది.

అయిదో రోజు పొద్దున ఆమె గేటు మీద వేలు రాసి చూసింది.

"ఉత్త ఇనుము తేలింది. ఇలా వదిలేస్తే ఆదివారానికి మళ్లీ పడుతుంది. నాన్న వచ్చేసరికి మొదటికి వస్తుంది."

అది నిజమే. రంగు కోసం అంకమ్మరావు కొట్టుకి వెళ్లాను.

"మీ ఆవిడ పదిహేను రోజుల కిందటే పట్టుకెళ్లిందిగా పోస్టన్నా" అన్నాడు అంకమ్మరావు. "ప్రైమరు, ఆకుపచ్చ రంగు, రెండు బ్రష్షులు. గీకే మనిషి దొరికాడంది."

నేను తుప్పు సీసా తెప్పించి అప్పటికి పది రోజులు. ఇంటికి వచ్చాను. ఆమె బ్రష్షు అందించింది. పుచ్చుకున్నాను.

ఆదివారం మావగారు ఆటో దిగారు. గేటు దగ్గర ఆగారు. తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. కుక్క లేవలేదు. ఊచల మూలల్లో గోరు పెట్టి చూశారు.

"ఎవరు గీకింది?"

"మీ అల్లుడే నాన్నా" అంది హెప్సిబా.

"బాగుంది" అన్నారు.

ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట. గేటు పట్టుకుపోయింది.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి లారీ చేతిలో పెట్టాను. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. చాలాసేపు తిప్పి చూశారు.

"ఎవరిది?"

"మీదే మావయ్య గారూ. నెంబరు చూడండి."

"నెంబరు నాదే. తుప్పెవరిది?"

"మా గేటుది నాన్నా" అంది హెప్సిబా.

"ఇరవై ఏళ్లలో నా బండికి గోరంత తుప్పు లేదు. ఫ్యాక్టరీ ముందు వరసలో నిలబెడితే మిగతా డ్రైవర్లు నా తలుపులో చూసి తల దువ్వుకునేవాళ్లు. నువ్వు దీన్ని పాత ఇనుముకి వేసినట్టు చేశావేమయ్యా?"

ఫొటో తెచ్చి చూపించాను. బానెట్టు మీది మచ్చ మీద వేలు పెట్టాను.

"ఇది తుఫానప్పుడు ఇల్లు కారి తడిసిన ఫొటో" అన్నారు. "ఇదిగో, మచ్చ నా చొక్కా మీదా ఉంది, బుగ్గ మీదా ఉంది. నాకూ తుప్పు పట్టిందా?"

నేను హెప్సిబాని వంటింట్లోకి పిలిచాను.

"నీకు తెలుసా?"

"ప్రతి ఆదివారం గుడికి ముందు ఆ బండి తుడిచింది నేనేగా."

"మరి చెప్పలేదే?"

"మీరు తుప్పు రంగు అడిగారు. తుప్పుందా అని అడగలేదు."

హాల్లోకి వచ్చేసరికి మావగారు పాత గుడ్డా, కాస్త కొబ్బరినూనే అడిగి తెప్పించుకున్నారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఎనభై ఏళ్ల మేలులు ఏడాదికొకటి చొప్పున చెప్పారు. అందరం కళ్లు మూసుకున్నాం. నేను ఒక కన్ను తెరిచి చూశాను. మావగారి కళ్లు మూసే ఉన్నాయి, చెయ్యి మాత్రం ఆడుతోంది. బానెట్టు, తలుపు, మడ్డుగార్డు. గుడ్డని ఏ మూల ఎలా తిప్పాలో ఆ చేతికి చూపక్కర్లేదు. ఆమెన్ అనేసరికి నా రెండు వారాల తుప్పు గుడ్డకెక్కింది. కింద నీలం రంగు నిగనిగలాడుతోంది.

చుట్టాలు వెళ్లాక ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. పండుగప్ప పులుసు. లారీ ఆయన కంచం పక్కన, ముక్కు ఆయన వైపే పెట్టుకుని ఉంది. కాసేపటికి ఆయన తన కంచంలోని చేప తల తీసి నా కంచంలో పెట్టారు. దానితోపాటు ఒక మాట కూడా వస్తుందేమోనని ముద్ద ఆపి చూశాను.

ఆయన తలొంచుకుని ముల్లు తీసుకుంటున్నారు. నేనూ తిన్నాను.