మావయ్య లక్కముద్ర వేసిన సీసా

"ఈ నగరంలో ప్రస్తుతం ప్రభుత్వం లేదు. పోలీసులు లేరు. తపాలా లేదు. బస్సు లేదు. అయినా ఎవరూ బెంగపెట్టుకోవద్దు. నేనున్నాను!"

మా మావయ్య వీరవెంకటసత్యనారాయణ ఈ ప్రకటన చేసింది మేడమెట్ల మీద నిలబడి, లుంగీ పైకి ఎగ్గట్టి, చేత్తో భూతద్దం ఎత్తి పట్టుకుని. విన్నది ముగ్గురం. రామలక్ష్మి అత్తయ్య, నేను, మెట్ల కింద పడుకున్న కుక్క. కుక్క లేచి వెళ్ళిపోయింది.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం, ఆగస్టు నెలాఖరు. రంగూన్ అంతా సమ్మె. బోటాటౌంగ్ రేవులో మావయ్య గుమాస్తాగా పనిచేసే గిడ్డంగికి తాళం పడింది. మా వీధికి రెండు చివర్లా వెదురు గేట్లు కట్టి వీధివాళ్ళే వంతులేసుకుని కాపలా కాస్తున్నారు. నేను నదికి ఆ గట్టున దలా అవతల మా ఊరి నుంచి పై చదువు కోసమని వచ్చాను. బడులు మూసేశారు. తిరిగి వెళ్దామంటే పడవలు ఒకరోజు నడిస్తే రెండురోజులు నడవవు. అలా చిక్కుకుపోయి మావయ్యకి సెక్రెటరీనయ్యాను. ఎలాగూ డైరీ రాస్తున్నాను కాబట్టి ఆయన కేసులు కూడా అందులోనే రాయమన్నాడు.

మావయ్య దగ్గర పదకొండు డిటెక్టివ్ నవలలున్నాయి. ఇండియా ఓడల్లో పుస్తకాలు వచ్చే రోజుల్లో కొన్నవి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా ఆయన చేతికి కొత్త తెలుగు పుస్తకం రాలేదు. ఉన్నవాటి చివరి పేజీలు చెదలు తినేశాయి. అందుకే అనుమానించడంలో మావయ్యను మించినవాళ్ళు లేరు. ఆ అనుమానం చివరికి ఏమవుతుందో మాత్రం ఆయన ఎప్పుడూ చదవలేదు.

కేసు సోమవారం మధ్యాహ్నం మొదలైంది. మేం అన్నాలు తింటుంటే ఎక్కడో దగ్గర్లోనే "టప్!" మని పెద్ద చప్పుడయింది. ఆ రోజుల్లో అలాంటి చప్పుడు వింటే వీధిలో ఎవరూ ఆలోచించేవారు కారు, నేలమీద పడుకునేవారు. మేమూ పడుకున్నాం. మావయ్య మాత్రం పప్పు గిన్నెతో సహా పడుకున్నాడు.

"అమ్మాయ్, రాసుకో," అన్నాడు బల్లకింద నుంచి. "తుపాకీ. ముప్పై అడుగుల దూరం. కాల్చినవాడిది ఎడమచేతి వాటం."

"ఎడమచేతి వాటమని ఎలా తెలిసింది మావయ్యా?"

"చప్పుడు ఎడమవైపు నుంచి వచ్చిందిగా!"

రాసుకున్నాను. ఆ చప్పుడు ఏమిటో నాకు తెలుసు, అత్తయ్యకీ తెలుసు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అది కింది వాటాలో ఉండే సూరమ్మ పెద్దమ్మ సీసా. పెద్దమ్మది గంజాం నుంచి వచ్చిన కుటుంబం. అరవై నాలుగులో సర్కారు పొమ్మంటే తనవాళ్ళందరూ ఓడెక్కి ఇండియా వెళ్ళిపోతే, మొగుడి సమాధి వదిలి రానని ఇక్కడే ఉండిపోయింది. ఆవిడ రోజూ చేసే పనులు రెండు. వీధి మొగలో బాటసారుల కోసం పెట్టిన నీళ్ళకుండలు పొద్దున్నే నింపడం ఒకటి. తేనెకల్లు చెయ్యడం రెండోది. తేనెలో నీళ్ళు కలిపి, పళ్ళముక్కలు, బజారులో దొరికే, కల్లు పులియబెట్టే తెల్లబిళ్ళల పొడి వేసి, గుడ్డ కప్పి వదిలేస్తుంది. మడ అడవి తేనెలో ఎండు రేగుపళ్ళు. నువ్వుల పూల తేనెలో అనాస. పొద్దుతిరుగుడు తేనెలో మంగోస్టీన్. మడ అడవి తేనె మా నాన్న పంపిందే, నేనే రెండు డబ్బాలు పడవలో మోసుకొచ్చాను. ఎవరు ఏ పండు తెచ్చి ఇస్తే ఆ జాడీలోంచి వాళ్ళింటికి ఒక సీసా వెళ్తుంది. ఆ లెక్కన వీధిలో సగం ఇళ్ళకి ఇందులో వాటా ఉంది.

కానీ ఎవరూ పైకి చెప్పరు. ఎందుకంటే అవి బౌద్ధుల వర్షాకాలపు దీక్ష నెలలు. మద్యం ముట్టమని అందరూ శీలం పట్టిన కాలం. అందుకని అది బర్మా వాళ్ళ ఇళ్ళలో పళ్ళరసం, మా ఇంట్లో మావయ్య అజీర్తి మందు. అత్తయ్య రోజూ సాయంత్రం చిన్న గ్లాసుతో ఇస్తుంది. "గంజాం కషాయం అద్భుతంగా పనిచేస్తోంది," అని ఆయన మూడు నెలలుగా పొగుడుతున్నాడు.

మామూలుగా పెద్దమ్మ సీసాల బిరడాలు వదులుగా పెట్టేది. వీధిలో కాపలా వచ్చాక వాసన బయటికి పొక్కుతుందని భయపడి బిగించింది. పులుస్తున్నది ఊరుకుంటుందా? పేలింది.

బుధవారం ఇంకొకటి పేలింది. ఈసారి మావయ్య చప్పుడు వెంటబడి వెళ్ళాడు. భూతద్దం పట్టుకుని పెద్దమ్మ వాకిట్లో చేతులూ మోకాళ్ళ మీద పాకుతున్నాడు. నేను డైరీ పట్టుకుని వెనకాల.

"ఏటి బాబూ, ఏటెతుకుతున్నావు? కాలు జారి పడీసినావా?" అంది పెద్దమ్మ.

"చట్టం ఎప్పుడూ జారిపడదు, సూరమ్మక్కా!"

"సట్టం సంగతి నాకు తెల్దు గానీ బాబూ, నువ్వు పెండ మీద సెయ్యెట్టీసినావు."

మావయ్య చెయ్యి తుడుచుకుని కిటికీ గట్టు వైపు తిరిగాడు. అక్కడ ఆరేసిన గుడ్డమీద చచ్చిన తేనెటీగలున్నాయి, తేనె వడకట్టినప్పుడు మిగిలినవి. పక్కన తెల్లబిళ్ళలు. ఆయన ఊపిరి బిగబట్టాడు.

"రాసుకో," అన్నాడు నా చెవిలో. "మృతదేహాలు ఇరవై మూడు. అందరూ ఒకే కుటుంబం. తెల్లని విషగుళికలు. పేలుడు పదార్థాలు. ఈమె రోజూ పొద్దున్నే ఎవరి కుండల్లో నీళ్ళు పోస్తుంది?"

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

విషం అనే మాట ఆ వారాల్లో సరదాకి కూడా ఎవరూ అనేవారు కాదు. నీళ్ళల్లో విషం కలుపుతున్నారని ఊరంతా పుకారు. నాలుగు వీధుల అవతల నీళ్ళకుండ దగ్గర ఒకణ్ణి పట్టుకున్నారట. విచారణ పది నిమిషాలట. ఆ తర్వాత ఏమైందో చెప్పబోయి పెద్దవాళ్ళు నన్ను చూసి ఆగిపోయారు.

"మావయ్యా, అవి తేనె..." అన్నాను.

"సెక్రెటరీ మాట్లాడకూడదు," అని, గట్టుమీదున్న ఒక సీసా ఎత్తుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి ఆ సీసాకి బిరడా సుత్తితో దిగ్గొట్టాడు. ఇనపతీగ చుట్టాడు. గిడ్డంగి నుంచి తెచ్చి దాచుకున్న లక్క కరిగించి పోసి, దానిమీద తన ఉంగరంతో ముద్ర వేశాడు. "సాక్ష్యాన్ని ఇలా భద్రపరచాలి," అని దాన్ని ఎండ తగిలే కిటికీలో పెట్టి, వీధి కమిటీకి ఫిర్యాదు చెయ్యడానికి వెళ్ళాడు.

నేను వంటింట్లోకి పరిగెత్తాను. "అత్తయ్యా, నిజం చెప్పెయ్ అత్తయ్యా."

"ఏటని సెప్పమంతావే? మూణ్ణెల్లుగా మీ మావకి కల్లు పోస్తన్నానని సెప్పమంతావా? ఊ బతిన్ పెళ్ళాం సెప్తాదిలే, ఆవిడకీ వాటా ఉంది."

ఊ బతిన్ వీధి కమిటీ పెద్ద, పాత హెడ్మాస్టరు. ఆయన భార్య దగ్గరికి వెళ్ళి నాకొచ్చిన కాస్త బర్మా భాషలో బతిమాలాను. ఆవిడ నవ్వి, మీ అత్తయ్య చెప్తుందిలే అంది. అనాస ఇచ్చినవాళ్ళు మంగోస్టీన్ ఇచ్చినవాళ్ళు చెప్తారన్నారు. అందరూ మంచివాళ్ళే. ఎవరి శీలం వాళ్ళకి ముఖ్యం.

గురువారం మధ్యాహ్నం ధర్మశాలలో విచారణ పెట్టారు. చాపల మీద వీధంతా కూర్చుంది. కాపలావాళ్ళు చెక్కిన వెదుళ్ళు, సైకిలు చువ్వలతో చేసిన బాణాలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. సూరమ్మ పెద్దమ్మ మధ్యలో, ఉతికిన చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు కొంగు చివర ముడేస్తూ విప్పుతూ ఉన్నాయి.

మావయ్య సీసా ఎత్తి పట్టుకుని లేచాడు. మాటమాటకీ దాన్ని గాలిలో ఊపుతూ బర్మా భాషలో దంచేశాడు.

"అమాయకత్వం ముసుగు! ముసుగు వెనక కుట్ర! కుట్ర వెనక కుండ! కుండలో..."

"ఇసవా?" అని అరిచింది పెద్దమ్మ తెలుగులో. "నానా? ముప్పైయేళ్ళుగా మీ కుండల్లో నీల్లు పోస్తన్నది ఎవులు? మీ గుంటలు ఎవుల సేతి నీల్లు తాగి పెరిగినారు? ఓ రామలచ్చిమీ, నువ్వైనా సెప్పవే!"

అత్తయ్య చాప అంచు లాగుతూ కూర్చుంది. ఊ బతిన్ భార్య పైకప్పు చూసింది.

ఊ బతిన్ కళ్ళద్దాలు తీశాడు. "విషమని మీరు ఖచ్చితంగా చెప్తున్నారా? చెప్తే ఈ అబ్బాయిలు ఇక నా మాట వినరు. ఆలోచించి చెప్పండి."

గుమ్మంలో వాళ్ళు ఒక అడుగు లోపలికి వేశారు.

మావయ్య ఆ చువ్వల వైపు చూశాడు, సూరమ్మ పెద్దమ్మ చేతుల వైపు చూశాడు. నావైపు వంగి గుసగుసగా అడిగాడు.

"అమ్మాయ్... దీని తర్వాత ఏమవుతుంది? అన్నిట్లోనూ చెదలు తినేసింది ఇక్కడే."

నేను లేచి నిలబడ్డాను. అంతమందిలో నేను మాట్లాడటం అదే మొదటిసారి అయ్యుండేది. డైరీ గుండెకి హత్తుకుని, ఊపిరి పీల్చుకుని, నోరు తెరిచాను.

"టప్!"

మాట్లాడింది సీసా. లక్కముద్ర పైకప్పుకి తగిలి కిందపడింది. ధర్మశాల మొత్తం నేలమీద పడుకుంది, చువ్వలవాళ్ళు అందరికంటే ముందు. మావయ్య ఒక్కడే సీసా మెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు, తలమీద నుంచి నురగ కారుతూ. మీసాల దగ్గరికి వచ్చిన నురగను నాలుక తనంతట తానే నాకింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"ఇది..." అన్నాడు ఆశ్చర్యంగా. "ఇది నా అజీర్తి మందు కదా!"

నేలమీద నుంచే అత్తయ్య గొంతు వినిపించింది. "అవును. అదే. మూణ్ణెల్లుగా తాగుతున్నారు, సచ్చిపోనేదు."

"బిరడా బిగించీసినావా బాబూ?" అంది పెద్దమ్మ లేచి కూర్చుంటూ. "పులిసిన కాడ బిరడా బిగిస్తే పేలదేటి? నా రెండు సీసాలూ అలాగే పోనాయి."

ఇక ఒక్కొక్కరూ లేచారు. అనాసలు మావి అని ఒకరు. ఎండు రేగుపళ్ళు మేమిచ్చాం అని ఒకరు. మంగోస్టీన్లు అని ఊ బతిన్ భార్య అందో లేదో, ఊ బతిన్ అటు తిరిగాడు.

"పళ్ళరసం అన్నావుగా?"

"పళ్ళు ఉన్నాయిగా," అందావిడ.

ఊ బతిన్ చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక, కేసు కొట్టేశామన్నాడు. శీలం సంగతి ఎవరికి వాళ్ళు భిక్షువు దగ్గర చెప్పుకోవాలన్నాడు.

ఆ సాయంత్రం సూరమ్మ పెద్దమ్మ జాడీలన్నీ వాకిట్లోకి తెచ్చింది. ఇక దాచేదేముందని అందరికీ పోసింది. చువ్వలు గోడకి ఆనించి కాపలావాళ్ళు రేకు గ్లాసులు పట్టుకున్నారు. నన్నూ ఒక గుక్క తాగనిచ్చారు. మా నాన్న తేనె వాసన నాకు తెలిసింది. మావయ్య కూడా వరసలో నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేసరికి పెద్దమ్మ గరిటె పక్కన పెట్టింది.

"నీకు నేదు. నీది ఇసం కదా."

ఆయనకి పదిరోజులు అజీర్తి చేసింది.

అయినా మర్నాటికే మెట్లమీద కొత్త ప్రకటన. "గమనించారా? సీసాకి ముద్ర వేసినప్పుడే నాకు అంతా తెలుసు. సరైన సమయంలో పేలేలా నేనే ఏర్పాటు చేశాను. ఇకనుంచి ఈ వీధిలో టప్ మంటే ఎవరూ పడుకోనక్కర్లేదు. సీసా!" కుక్క అప్పటికే వేరే మెట్లకు మారిపోయింది.

సెప్టెంబరు పద్దెనిమిది సాయంత్రం రేడియో పాటలు ఆపి, సైన్యం అధికారం తీసుకుందని చెప్పింది. మర్నాడు పొద్దున్న పెద్దరోడ్డు వైపు నుంచి వినిపించింది. టప్. టప్. తర్వాత లెక్కపెట్టలేనన్ని. మేమందరం పడుకున్నాం. మావయ్య నిలబడే ఉన్నాడు.

"సీసా," అన్నాడు.

కింది వాటాలో సూరమ్మ పెద్దమ్మ జాడీలన్నీ అప్పటికే కడిగి బోర్లించి ఉన్నాయి.

అత్తయ్య ఆయన లుంగీ పట్టుకుని కిందికి లాగింది. ఆయన నా పక్కన బోర్లా పడుకున్నాడు. చాలాసేపు విన్నాడు. భూతద్దం చేతిలో లేదు.

"అమ్మాయ్," అన్నాడు మెల్లగా. "ఇవి సీసాలు కావు. రాసుకో."

రాసుకున్నాను. మావయ్య ఎవరి సాయమూ లేకుండా సరిగ్గా తేల్చిన కేసు అదొక్కటే.