తల్లి వద్ద నలభై మూడు

తల్లీబిడ్డలను విడదీయడం మహాపాపమని పెద్దలు ఏనాడో చెప్పారు. అది నేరం కూడా అని గృహ జలచర సంక్షేమ విభాగం ఈమధ్యే తేల్చింది. పాపానికైతే ప్రాయశ్చిత్తం ఉంటుంది, నేరానికి ఉండదు. కనుక శాలిబండలో సరదాకు చేపలు పెంచుకునేవాళ్లంతా బుద్ధిగా ‘మత్స్యమిత్ర’ యాప్‌లో పేర్లు నమోదు చేసుకున్నారు. (పేరులోనే మిత్రుడున్న యాప్ అంటే జనం ఎందుకు జంకుతారో విభాగానికి నేటికీ అంతుపట్టలేదు.)

వైకుంఠం అందరికంటే ముందు చేసుకున్నాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. సిగ్నల్ పడితే ఖాళీ రోడ్డు మీద కూడా ఆగే మనిషి. శనివారం వెంకన్నకు దీపం పెట్టి, ఒక్కపొద్దు ఉండి, డాబా మీది గాజుతొట్ల ముందు కూర్చుంటాడు. మూడేళ్లుగా ఆయనకు ఒకటే పట్టుదల. తోక మొదలు నుంచి కొస దాకా మచ్చలేని ఎరుపుండే గప్పీ చేపను తన చేతుల మీద తీయాలి. నాలుగు తరాలు గడిచాయి. ఐదో తరం ఆ శనివారం పొద్దున్నే పుట్టింది. నలభై మూడు పిల్లలు. ఒక్కోదానికీ రెండు కళ్లు కనిపిస్తున్నాయి, తక్కినదంతా నీళ్లలాగే ఉంది.

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. ఆ తల్లికి ఒక గుణం ఉంది. కన్న మరుక్షణం కన్నసంగతి మరిచిపోతుంది. ఎదుట చిన్నది ఏది కదిలినా మింగుతుంది. అందుకే పెంచేవాళ్లు పిల్లలను వెంటనే వేరు చేస్తారు. వైకుంఠం కూడా ఒక్కో పిల్లనూ చెంచాతో ఎత్తి, లెక్కపెట్టి, పెద్ద గాజుసీసాలో వదిలాడు. ఇక వాటికి ఉడికిన గుడ్డులోని పచ్చసొన కావాలి.

“శనివారం పూట ఇంట్ల గుడ్డు ఉడకవెడ్తరా?” అంది భార్య కృష్ణమ్మ. “దేవుడు జూస్తలేడనుకున్నవా?”

“మనం తింటున్నమా ఏంది? పసిపిల్లలకు గద.”

“గట్లయితే గా గిన్నె నువ్వే తోముకో.”

గిన్నె ఇంకా పొయ్యి ఎక్కకముందే విభాగం తనిఖీ అధికారి గోపాలకృష్ణమూర్తి డాబా మీదికి వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, చాలా మర్యాదస్తుడు. సీసా చూడగానే ఆయన ముఖం వాడిపోయింది.

“తల్లి ఏదండీ?”

“గా తొట్టిల ఉంది సార్.”

“అయ్యయ్యో, విడదీసేశారా!”

ఆయన ఫోన్ తీసి పన్నెండో నిబంధన చదివాడు: ‘చేపపిల్లను ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలకు దూరం చేయరాదు.’ (చేపలకు నిబంధనలు రాసే తీరిక లేక విభాగంవారు పాడిపశువులవి తెచ్చుకుని, దూడ ఉన్నచోట చేపపిల్ల అని దిద్దుకున్నారు. పాలు అలాగే ఉండిపోయాయి.)

“సార్, గది పాలియ్యదు. పిల్లలను తింటది.”

“తల్లా? బొట్టు పెట్టుకున్న మనిషి అనాల్సిన మాటేనాండీ ఇది?”

“నేను గూడ తల్లికే పుట్టిన సార్. కానీ ఇది గప్పీ.”

వేరు చేసి ఉంచడానికి దారి లేకపోలేదు. తల్లి మరణ ధ్రువపత్రమైనా జతచేయాలి, లేదా పిల్లలను పెంచలేనని తల్లి ఇద్దరు సాక్షుల ఎదుట ఇచ్చిన అంగీకారమైనా చూపాలి. రెండూ లేకుంటే సాయంత్రంలోగా తొట్లన్నీ స్వాధీనం చేసుకుంటారు. అంటే ఒక తరం కాదు, ఐదు తరాలూ పోతాయి.

“తొట్టిలో ఇంకెవరున్నారు?” అని అడిగాడు మూర్తి.

“దాని అక్క, చెల్లె.”

“పెద్దమ్మా, పిన్నీ కూడానా! ఈ రోజుల్లో ఏ పిల్లలకుందండీ ఇంత అదృష్టం?”

వైకుంఠానికి మత్స్యావతార కథ గుర్తొచ్చింది. అందులో రాజు చిన్న చేపను కమండలంలోంచి చెరువులోకి, చెరువులోంచి సముద్రంలోకి మార్చాడు. మార్చినప్పుడల్లా అనుమతి అడిగి ఉంటే ప్రళయమే ముందొచ్చేది కదా స్వామీ, అనుకున్నాడు. వైకుంఠం తల్లి ఉన్న తొట్టిలోకి సీసా వంచాడు.

తల్లీబిడ్డలు కలిసి ఉన్న ఫొటో అడిగింది యాప్. మూర్తి తీశాడు. అస్పష్టంగా ఉందంది.

“సార్, జల్ది కానియ్యుండ్రి. ముప్పై ఉన్నయ్.”

రెండో ఫొటోలో తల్లి ముఖం కెమెరా వైపు లేదట.

“పదిహేడు సార్.”

“కంగారు పడకండి. తల్లి దగ్గరే ఉన్నారుగా.”

మూడోసారి సిగ్నల్ పోయింది. మూర్తి ఫోన్ పట్టుకుని డాబా నాలుగు మూలలకూ తిరిగి వచ్చేసరికి నీళ్లు తేటగా ఉన్నాయి. నాలుగో ఫొటోను యాప్ వెంటనే ఒప్పుకుంది. అందులో గుండ్రటి పొట్టతో తల్లి ఒక్కతే నిండుగా కనిపించింది. ‘తల్లి ఆరోగ్యం: ఉత్తమం’ అని కూడా వచ్చింది.

ఆపైన యాప్ నలభై మూడు పిల్లలూ ఏమయ్యాయని అడిగి, నాలుగు జవాబులిచ్చింది: అమ్మినవి, దానమిచ్చినవి, తప్పిపోయినవి, తల్లి వద్ద ఉన్నవి. మూర్తి చాలాసేపు ఆలోచించి నాలుగోది నొక్కాడు.

“నిజమే సార్,” అంది అప్పుడే పైకొచ్చిన కృష్ణమ్మ, తొట్టిలోకి చూసి. “కడుపుల వెట్టుకుని జూసుకుంటున్నది.”

“చూశారా, ఆడవారికి ఇట్టే అర్థమవుతుంది,” అని మూర్తి నమస్కారం పెట్టి దిగి వెళ్లాడు. ఆయన మెట్లు దిగేలోపే ధ్రువపత్రం వచ్చింది. ‘ఆదర్శ మాతృసంరక్షణ గృహం. పిల్లలు నలభై మూడు. అన్నీ తల్లి వద్దనే.’

వైకుంఠం ఖాళీ సీసా కడిగి తొట్టి పక్కన పెట్టాడు. పొద్దువాలుతుంటే తొట్టి మూలన నాచు కదిలింది. అందులోంచి రెండు కళ్లు చూశాయి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క చట్టమూ దాటని ఆ మనిషి, అటూ ఇటూ చూసి, చెంచాతో దాన్ని ఎత్తి సీసాలో వేసుకుని, కిందికి తెచ్చి వెంకన్న పటం వెనక దాచాడు. శనివారమైనా కృష్ణమ్మ గుడ్డు పొయ్యి మీద పెట్టింది.

రికార్డు ప్రకారం ఆ ఇంట్లో ఇప్పుడు అన్నీ సక్రమంగానే ఉన్నాయి, బతికిన ఆ ఒక్కటి తప్ప.